అన్నం తినేవాడికి గోధుమ జబ్బు

నేను రైసుమిల్లులో పనిచేస్తాను. నెల్లూరు నుంచి పెన్న దాటితే కోవూరు, ఆ దాపునే మా మిల్లు. కాటా చీటీలు, హమాలీల కూలి, లారీ లోడింగు లెక్కలు అన్నీ నా చేతి మీదే జరుగుతాయి. పొద్దస్తమానం బియ్యం మధ్య బతికేవాడికి గోధుమల వల్ల సీలియాక్ అనే జబ్బొచ్చిందంటే నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. "పంజాబు వాళ్లకు రావాల్సింది నీకెందుకొచ్చింది అబ్బయ్యా?" అని మా ఓనరే అడిగాడు.

అది కడుపునొప్పిగానో విరేచనాలుగానో వచ్చుంటే త్వరగా తేలేదేమో. నాకు నీరసంగా వచ్చింది. నిద్ర చాలక వచ్చే నీరసం వేరు, పడుకుంటే పోతుంది. ఇది రాత్రంతా నిద్రపోయి లేచినా పళ్లు తోముకునేసరికి మళ్లీ మంచం గుర్తుకొచ్చే నీరసం. బండి సెంటర్ స్టాండు వెయ్యడానికి కాలు లేచేది కాదు. పేర్చిన బస్తాల మీదికెక్కి లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి ఆటలాంటి పని, అలాంటిది సగం ఎక్కి ఆయాసంతో కూర్చుండిపోయేవాణ్ణి. "అన్నా, నువ్వు కిందుండు, నేను లెక్క చెప్తాలే" అని హమాలీ కుర్రాళ్లే అనేవాళ్లు.

ఒళ్లు అలిసిపోవడం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది లెక్క తప్పడం. మా వైపు రైతు వడ్లు పుట్లలో చెప్తాడు. పుట్టి అంటే 850 కిలోలు. మేం రాసుకునేది క్వింటాళ్లలో. ఏడున్నర పుట్లంటే 63 క్వింటాళ్ల 75 కిలోలని నోటితోనే చెప్పేవాణ్ణి, కాలిక్యులేటర్ ముట్టుకునేవాణ్ణి కాదు. రబీ వడ్లొచ్చే రోజుల్లో ట్రాక్టర్లు గేటు బయట దాకా నిలబడి ఉంటే, నేను మాత్రం ఒక్కో చీటీ దగ్గర ఆగిపోయి అంకెలు చూస్తూ ఉండేవాణ్ణి. కళ్లకు అంకె కనపడుతుంది, బుర్రలోకి ఎక్కదు.

ఇంట్లో ఒకరు టెన్షనన్నారు, ఒకరు నలభై దాటాక అంతేనన్నారు. మా అత్తగారు దిష్టి తీసింది. షుగర్ చూపించుకున్నాను, లేదు. థైరాయిడ్, అదీ లేదు. రక్తం మాత్రం 8.6 ఉంది. మగవాడికి 13 ఉండాలట. ఐరన్ మాత్రలు రాశారు. నోట్లో పుండ్లు తరచూ వస్తుంటే బి కాంప్లెక్స్ రాశారు. నడుము నొప్పికి విటమిన్ డి రాశారు. ఒక్కో బాధకు ఒక్కో మాత్ర, అన్నీ కలిపి చూసినవాళ్లు లేరు. నెలలు గడిచాక మళ్లీ పరీక్ష చేస్తే రక్తం ఉన్నచోటే ఉంది. "మాత్రలు సరిగా వేసుకోవట్లేదు మీరు" అని ఒక డాక్టరు మొహం మీదే అన్నాడు. వాటికి కడుపులో తిప్పుతుంటే కూడా ఓర్చుకుని మింగినవాణ్ణి, ఆ మాటకు చాలా బాధేసింది.

ఇక ఇంటి వైద్యం సంగతి. మా అమ్మ మేక కార్జం తెప్పించి వేపుడు చేసేది. ఖర్జూరం, దానిమ్మ, బీట్‌రూట్, తోటకూర, బెల్లం పెట్టిన వేరుశెనగ ఉండలు, అన్నీ అయ్యాయి. వాటితో ఏ ఇబ్బందీ లేదు. కానీ మన ఇళ్లల్లో నీరసపడ్డ మనిషికి ఇంకేం పెడతారో ఒకసారి ఆలోచించండి. పొద్దున పాలల్లో ముంచిన బ్రెడ్డు. పది గంటలకు రస్కు. బలానికని పాలల్లో కలిపే మాల్ట్ పొడి. అన్నం సయించకపోతే గోధుమ రవ్వ జావ. చూడ్డానికొచ్చిన చుట్టం చేతిలో మళ్లీ బ్రెడ్డు ప్యాకెట్టే. మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ బార్లీలోనూ ఉంటుంది, నాకు పడనిది అదే. నాకు బలం రావాలని వాళ్లు పెట్టినవాటిలో చాలావరకు నా పేగును దెబ్బకొట్టినవే. ప్రేమతోనే పెట్టారు, ఎవర్నేమంటాం?

నెల్లూరు పొగతోటలో సందుకు నాలుగు ఆస్పత్రులుంటాయి. మా ఓనరుకు తెలిసిన ఫిజీషియన్ ఒకాయన అక్కడే ఉంటే వెళ్లాను. ఆయన పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా బల్ల మీద పరిచాడు. ఫెరిటిన్ అని ఇంకో పరీక్ష రాశాడు. ఒంట్లో దాచిపెట్టిన ఇనుము ఎంతుందో చెప్పేది అది. నాకు అడుగంటింది. ఆడవాళ్లకైతే నెలసరి వల్ల తగ్గిందనుకోవచ్చు, మగవాడికి రక్తం తగ్గిందంటే ఎక్కడన్నా కారుతుండాలి, లేదంటే తిన్నది ఒంటికి పట్టకుండా ఉండాలి అన్నాడు. మొలలు లేవు. మలం పరీక్షలో రక్తం కనపడలేదు. అక్కణ్ణుంచి గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పంపాడు.

గ్యాస్ట్రో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి ఏం తింటారు?" అని.

"చపాతీ."

"ఎప్పట్నుంచి?"

నాయనకు షుగర్ వచ్చినప్పట్నుంచి. అప్పుడు మా ఇంట్లో రాత్రిపూట అన్నం వండటం ఆగిపోయింది. ఒకరికి చపాతీ, మిగతావాళ్లకు అన్నం అంటే మా ఆవిడకు రెండు పనులు, అందుకని అందరికీ చపాతీలే. పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, లేకపోతే పూరి. మిల్లులో టీతోపాటు బిస్కెట్లో సమోసానో. ఆ రోజు డాక్టరు ముందు లెక్క చెప్తుంటే నాకే తెలిసొచ్చింది, అన్నం తినేవాళ్లమని చెప్పుకోవడమే గానీ నేను అన్నం తింటున్నది ఒక్క మధ్యాహ్నం పూటే. మా వీధిలో సగం ఇళ్లు ఇంతే. షుగరనో బరువనో రాత్రి చపాతీకి మారని ఇల్లు తక్కువ.

ఆయన టీటీజీ ఐజీఏ అనే రక్తపరీక్ష రాశాడు. ఐజీఏ అంటే రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీ, ఈ జబ్బుంటే పెరిగేదాన్ని ఆ పరీక్ష కొలుస్తుంది. దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంతుందో కూడా చూడమన్నాడు. కొందరికి ఒంట్లో ఐజీఏనే తక్కువుంటుందట, వాళ్లకు జబ్బున్నా మొదటి పరీక్షలో లేనట్టే వస్తుంది. చీటీ ఇస్తూ గట్టిగా ఒక మాట చెప్పాడు. "పరీక్షలన్నీ అయ్యేదాకా గోధుమలు మానొద్దు. ఇప్పుడు తిన్నట్టే తినండి." గోధుమ మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు కూడా కోలుకోవడం మొదలుపెడుతుంది, అప్పుడు జబ్బుందో లేదో తేల్చడం కష్టం. మళ్లీ కొన్ని వారాలపాటు పనిగట్టుకుని గోధుమ తిని పరీక్షకు రావాల్సొస్తుంది. ఎవరన్నా నన్ను సలహా అడిగితే ముందుగా చెప్పేది ఇదే. ఫోన్లో వీడియో చూసి చపాతీ మానేసి, కాస్త బాగున్నట్టుంటే నాకూ సీలియాకే అని తేల్చుకునేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. జబ్బే అయితే జన్మంతా మానాలి. కాకపోతే ఊరికే నోరు కట్టుకోవడం ఎందుకు?

రక్తం రిపోర్టులో టీటీజీ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువొచ్చింది. ఎండోస్కోపీకి తేదీ ఇచ్చారు. ఈ మధ్యలోనే రొట్టెల పండగ వచ్చింది. నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తున్నాను. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, ఆ కోరికే ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా ఉంది. హిందువులని, సాయిబులని తేడా లేదు. మా అమ్మ మోకాటి లోతు నీళ్లలో నిలబడి "ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె" అని కేకేసి, కడప నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర తీసుకుంది. మడిచిన గోధుమ రొట్టె, లోపల బెల్లం. "తిను నాయనా" అని నా చేతిలో పెట్టింది. డాక్టరు మానొద్దన్నాడు కాబట్టి ఏ బెరుకూ లేకుండా తినేశాను. తర్వాతి ఏడాది మొక్కు తీర్చడానికి అమ్మ మళ్లీ గోధుమపిండితోనే రొట్టెలు కాల్చి తీసుకెళ్లింది. జొన్నరొట్టెలు చెయ్యకూడదా అని మా ఆవిడ అంటే, "తీసుకునేవాళ్లకేం రోగం, వాళ్లు బానే ఉన్నారుగా" అంది.

ఎండోస్కోపీ అంటే అందరూ భయపెట్టారు గానీ అంత లేదు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతులో చేదుగా ఏదో స్ప్రే కొడతారు, మింగుతుంటే గుటక పడినట్టే తెలియదు. ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి పళ్ల మధ్య ఒక ప్లాస్టిక్ రింగు పెట్టారు. వాంతి వచ్చినట్టు ఉంటుంది, వచ్చేది ఉండదు. ముక్కుతో మెల్లగా గాలి పీల్చమని నర్సమ్మ భుజం మీద చెయ్యేసి చెప్తూనే ఉంది. చిన్నపేగు మొదటి భాగం నుంచి నాలుగైదు చోట్ల గింజంత ముక్కలు తీశారు, అది నొప్పి తెలియదు.

బయాప్సీ రిపోర్టు వచ్చాక డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. చిన్నపేగు లోపల విల్లై అని సన్నటి మొలకలు ఒత్తుగా ఉంటాయి. తిన్నదాంట్లో సారం పీల్చుకునేది అవే. గ్లూటెన్ తగిలినప్పుడల్లా నా ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాటి మీద పడి దెబ్బతీస్తోంది. నాకు ఆ బొమ్మ చూడగానే తుపాను గాలికి పడిపోయిన వరిచేను గుర్తొచ్చింది. ఇనుమును ఒళ్లు తీసుకునేది చిన్నపేగు మొదట్లోనే. అదే చదునైపోతే మాత్రలు మింగి లాభమేముంది? మాత్రలు వేసుకోవట్లేదని నన్ను కసిరిన డాక్టరు ఆ కాగితం చూసుంటే బాగుండేది.

"మన వైపు ఇది లేదనుకుంటారు, మేమూ అంతగా వెతకం" అని ఈయన ఒప్పుకున్నాడు. 2016లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం సంగతి చెప్పాడు. ఉత్తరాదిన నూటికి ఒకరికి ఈ జబ్బుంటే, దక్షిణాదిన వెయ్యికి ఒకరికి కనపడిందట. జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం రెండు వైపులా దాదాపు సమానమే, మూడో వంతు మందికి పైగా ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. వాళ్లు సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాది వాళ్లు తిన్నది 25 గ్రాములు. నా రాత్రి చపాతీలే అంతకు కొన్ని రెట్లుంటాయి. జన్యువు ఉన్న అందరికీ జబ్బు రాదు, అదీ చెప్పాడు. కానీ మన వైపు ఎవరికీ రాదనడానికి మాత్రం లేదు.

మందు లేదు. గోధుమ, బార్లీ, రై అనే ఇంకో ధాన్యం జన్మలో ముట్టకూడదు, అంతే వైద్యం. మా ఆవిడ "ఓస్, ఇంతేనా, మూడు పూటలా అన్నం వండేస్తే పోయె" అంది. ఆ రోజే వంటింట్లో డబ్బాలన్నీ దించి చదవడం మొదలుపెట్టింది. రవ్వలు, సేమియా, మైదా తెలిసినవే. ఇంగువ డబ్బా దగ్గర ఆగిపోయింది. అసలు ఇంగువ ఘాటు ఎక్కువని దాన్ని పిండితో కలిపి అమ్ముతారు. మా ఇంట్లో ఉన్నదాంట్లో గోధుమపిండే. చారులో, సాంబారులో, పప్పు తిరగమాతలో, నిమ్మకాయ పచ్చడిలో, మజ్జిగ పులుసులో అన్నిట్లో ఉంది. గోధుమ మానేశాననుకుంటూ పెరుగన్నంలో నంజుకున్న ఊరగాయతో మళ్లీ తింటున్నట్టే. ఇప్పుడు బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతోంది, అది తెచ్చుకుంటున్నాం. పాత జాడీ పచ్చళ్లు మా బావమరిది ఇంటికి వెళ్లిపోయాయని మా ఆవిడకు కాస్త బాధ.

తర్వాతది పిండి మిషను. జొన్నలు, రాగులు కొని వీధి చివర పిండి పట్టిస్తే సరిపోతుందనుకున్నారు ఇంట్లో. ఇక్కడ నా ఉద్యోగం పనికొచ్చింది. మిల్లులో ఒక రకం ఆడి ఇంకో రకం పోస్తే మొదట వచ్చే రెండు మూడు బస్తాలు కలగాపులగంగా ఉంటాయి. ఎంత దులిపినా మిషను లోపల పాతది ఎక్కడో దాగుంటుంది. బియ్యానికైతే రేటు తగ్గుతుంది, నాకైతే పేగు పోతుంది. పొద్దున గోధుమలు పట్టిన రాళ్ల మధ్యే మా జొన్నలు పడతాయి. కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే గ్లూటెన్ ఫ్రీ అని లేబుల్ మీద రాయకూడదని మన ఫుడ్ సేఫ్టీ రూలు. పిండి మిషనులో మిగిలే చారెడు గోధుమపిండి ముందు అదెంత? అందుకని కిస్తుల మీద ఇంటికే ఒక చిన్న పిండి మిషను కొన్నాం. దాంట్లో గోధుమ పొయ్యనివ్వం. పక్కింటావిడ ఓ రోజు గిన్నెడు గోధుమలు పట్టుకొస్తే మా ఆవిడ మొహమాటపడుతూనే వెనక్కి పంపింది.

బయట తినడమే ఇబ్బంది. హోటల్లో ఇడ్లీ, కారప్పొడి తింటాను, సాంబారు వద్దంటాను. గారె మినప్పిండే అయినా పూరీలు వేగిన నూనెలోనే వేగుతుంది. దోశ పెనం మీదే రవ్వ దోశ, చపాతీ కాలుస్తారు. చేపల పులుసు మన ఇంటిదైతే దిగుల్లేదు, చింతపండు, మామిడికాయ ముక్క, ఉప్పు, కారం, చేప. అదే రెస్టారెంట్ చేపల ఫ్రైకి పైపూత మైదాదో కార్న్‌ఫ్లోర్‌దో తెలియదు. సోయాసాస్‌లో కూడా గోధుమ ఉంటుందంటే నేను నమ్మలేదు, సీసా తిప్పి చూస్తే ఉంది. మలై కాజా సంగతి ఎత్తొద్దు. చుట్టాలకు కొనిపెట్టడం వరకే మనకు ప్రాప్తం.

అన్నిటికంటే కష్టం ప్రసాదం. సత్యనారాయణ వ్రతానికి పిలుస్తారు, గోధుమ నూక ప్రసాదం చేతిలో పెడతారు. "చిటికెడు తింటే ఏం కాదు, దేవుడిది" అంటారు. చిటికెడైనా అవుతుంది. మొదట్లో చాటుగా రుమాల్లో కట్టుకునేవాణ్ణి. ఇప్పుడు కళ్లకద్దుకుని మా అమ్మ చేతిలో పెట్టేస్తున్నాను. "బరువు తగ్గడానికా?" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక కూడా పోయింది. గ్లూటెన్ ఫ్రీ అనే మాట డైటింగ్ వాళ్ల పుణ్యాన అందరికీ తెలిసింది, దాంతో నా జబ్బు కూడా ఒక సరదా లాగా కనపడుతోంది. ఆ పేరుతో అమ్మే బిస్కెట్లు, బ్రెడ్లు ఒకసారి కొన్నాం. ధర చూసి మళ్లీ కొనలేదు. సజ్జరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం ఉండగా వాటి అవసరమేముంది? నాయన షుగర్‌కు రాత్రి జొన్నరొట్టె పెడుతున్నాం, ఆయనకూ అలవాటైంది.

ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. కొన్ని నెలలకు రక్తం 12 దాటింది. నోటి పుండ్లు పూర్తిగా పోయాయి. టీటీజీ దిగుతూ వస్తోంది. ఎముకల స్కాన్‌లో నడుము దగ్గర పలచబడిందని కాల్షియం రాశారు.

నీరసం మాత్రం పూర్తిగా పోలేదు. గోధుమ మానేసిన నెలకే గుర్రంలా పరిగెత్తుతానని ఊహించుకున్నాను. పెద్దవాళ్లలో పేగు మానడానికి ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని, జబ్బు అదుపులోకొచ్చాక కూడా కొందరికి అలసట మిగిలే ఉంటుందని డాక్టరు చెప్పాడు. థైరాయిడ్ మళ్లీ చూశారు, ఈ జబ్బున్నవాళ్లకు అది కూడా రావచ్చట. బి12, నిద్ర, మనసు బాగుందా లేదా అన్నీ అడిగారు. నేను కనిపెట్టింది ఒకటుంది. బాగున్న రోజు పాత బాకీలన్నీ తీర్చేద్దామని ఒళ్లొంచి చేస్తే తర్వాత రెండు రోజులు లేవలేను. అందుకని లారీ లోడింగు పొద్దున్నే పెట్టుకుంటున్నాను, చీటీల పని సాయంత్రానికి వదిలేస్తున్నాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆఫీసు గదిలో ఖాళీ గోనె సంచుల మీద అరగంట నడుం వాలుస్తాను. కాటా దగ్గర కుర్చీ వేయించమని అడిగితే ఓనరు మారుమాట్లాడకుండా వేయించాడు. కొత్తగా వచ్చినవాళ్లు "చూడ్డానికి బానే ఉన్నాడే, కూర్చుని రాస్తాడేంది" అనుకుంటారు. అనుకోనీ. పుట్ల లెక్క మళ్లీ నోటితో చెప్తున్నాను, సీజను మధ్యలో ఒకటి రెండు రోజులు తప్ప.

దగ్గరి రక్తసంబంధీకుల్లో పదిమందికి ఒకరి దాకా రావచ్చని అందర్నీ పరీక్ష చేయించుకోమన్నారు. మా అమ్మాయికి చేయించాం, ఇప్పటికి లేదు. కొన్నేళ్లకు మళ్లీ చూడాలి. అమ్మ సూది పొడిపించుకోనంది, ఈ వయసులో తెలిసి ఏం చెయ్యాలంటుంది. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. వాడికీ రక్తం తక్కువే, ఐరన్ మాత్రలు ఏడాదిగా మింగుతున్నాడు, పెరగట్లేదు. "మాకిక్కడ టైమెక్కడుందిరా అన్నా" అంటాడు. పరీక్ష పేరు రాసి ఫోన్‌కు పంపాను, చూసినట్టు రెండు టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సంక్రాంతికి వస్తున్నాడు. పండక్కి ముందు రోజు పొద్దున్నే పొగతోట ల్యాబ్‌కు నేనే బండి మీద ఎక్కించుకుని పోతాను. అప్పటిదాకా చపాతీలు మానొద్దని మరదలికి చెప్పాను.